టైరు పేలడం దేవుని చిత్తమా?

(రోగుల బంధువులకు ఆసుపత్రి వరండాలో ఇచ్చిన ఆరోగ్య ప్రసంగము)

 

ఈ వరండాలో మనం షుగరు గురించి, బి.పి. గురించి, బాలింతల ఆహారం గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు బండి టైర్ల గురించి చెబుతానంటే మా వార్డు ఆయా నవ్వింది. "సిస్టరమ్మా, నువ్వు నర్సువా, మెకానిక్‌వా?" అన్నది. నవ్వవలసిన మాటే. కాని ఒక్కసారి ఆలోచించండి. మీ పేషెంటు బాగై డిశ్చార్జి అయిన రోజున మీరేం చేస్తారు? ఊరికి ఫోను చేసి బండి మాట్లాడతారు. ఆ బండిలో పేషెంటుతో పాటు చూడవచ్చిన చుట్టాలు, మూటలు, చాపలు, వంట గిన్నెలు, మిగిలిన బియ్యం, అన్నీ ఎక్కుతాయి. పది రోజులు మేము సూదులు వేసి, కట్లు కట్టి, మీరు ప్రార్థనలు చేసి నిలబెట్టుకున్న ప్రాణం నాలుగు చక్రాల మీద ఇంటికి పోతుంది. మందుల చీటీ రెండుసార్లు చదివించుకుంటారు. ఆ నాలుగు చక్రాల వైపు మాత్రం ఎవరూ చూడరు.

నేను చూశాను. చూసి ఊరుకున్నాను. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

2009 మే నెలలో మా చిన్నమ్మ కూతురి పెండ్లి. పిల్లవాని ఊరు కోదాడ దగ్గర. పెద్దవూర నుండి హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా పోవాలి. పన్నెండు మంది పట్టే వ్యాను కిరాయికి తీసుకున్నారు. పిల్లలతో కలిపి పంతొమ్మిది మందిమి ఎక్కాం. పైన క్యారియర్ మీద పెండ్లి మంచం, వంట పాత్రలు, రెండు బియ్యం బస్తాలు. బయలుదేరే ముందు మా అన్న కొడుకుకు చెప్పులు తొడగడానికి నేను కిందికి వంగాను. వెనక ఎడమ పక్క టైరు మీద నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. "తమ్ముడూ, ఈ టైరు ఇట్లా ఉబ్బిందేంది?" అని డ్రైవరును అడిగాను. "ఏం కాదు సిస్టరమ్మా, నాలుగు నెలల సంది అట్లనే ఉన్నది, నడుస్తది" అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. లోపలి నుండి అందరూ ఎక్కు ఎక్కు అంటున్నారు. ఎక్కాను.

మిర్యాలగూడ దాటిన తరువాత, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, బాంబు పేలినట్టు చప్పుడైంది. డ్రైవరు భయపడి బ్రేకు మీద నిలబడ్డాడు. వ్యాను అటూ ఇటూ ఊగి ఎడమ పక్క కాలువలోకి ఒరిగింది. వెనక తలుపు ఊడిపోయి, దాని పక్కన కూర్చున్న మా పెద్దమ్మ బయట పడింది. పైకి ఒక్క గాయం లేదు. లేచి కూర్చున్నది, నీళ్ళడిగింది, ఎవరో ఇచ్చారు. నేను చెయ్యి విరిగి కేకలు పెడుతున్న మా అన్న కొడుకు దగ్గర ఉన్నాను. పెద్దమ్మ మంచిగానే ఉన్నదనుకున్నాం. ఆసుపత్రి చేరకముందే ఆమె పోయింది.

సమాధి కూటంలో ఒక పెద్దమనిషి లేచి, ఇది దేవుని చిత్తము, ఆమెను పిలుచుకున్నాడు అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నాకు నోరు రాలేదు. ఆ ఉబ్బును నేను చూశాను గదా!

దేవుని చిత్తం లేదని నేను అనడం లేదు. దేవాలయ శిఖరం మీద నుండి దూకమని సాతాను అడిగినప్పుడు ప్రభువు దూకలేదు, సాతానుకు ఏం జవాబిచ్చాడో మీకు తెలుసు. అరిగిన టైరు మీద ఇరవై మందిని ఎక్కించి, డాష్‌బోర్డు మీద సిలువ బొమ్మనో దేవుని పటమో పెట్టి, ఇక నీదే భారం అనడం ఆ శిఖరం మీది నుండి దూకడం వంటిదే.

ఈ మాట కోర్టు కూడా చెప్పింది. 2010 అక్టోబరులో పూణే నుండి ముంబయి పోతున్న ఒక కారు వెనక టైరు పేలి, కారు లోతైన గుంటలో పడి, అందులో ఉన్న ఒకాయన మరణించాడు. ఇంటిల్లిపాదికీ ఆయన సంపాదనే ఆధారం. నష్టపరిహారం ఇవ్వాలని ట్రిబ్యునలు చెబితే ఇన్సూరెన్సు కంపెనీ హైకోర్టుకు పోయింది. టైరు పేలడం దైవకృత్యము, దానికి మనుషులు బాధ్యులు కారు అని వాదించింది. 2023లో బొంబాయి హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. మనిషి చేతిలో లేని ప్రకృతి ఉత్పాతాన్ని దైవకృత్యం అంటారు గాని, టైరు పేలడాన్ని కాదు, అది మనుషుల నిర్లక్ష్యం అన్నది. వేగం, గాలి తక్కువ ఎక్కువలు, పాత టైర్లు, వేడి, ఇవన్నీ టైరు పేలడానికి కారణాలు, ప్రయాణానికి ముందు టైరు చూసుకోవలసిన బాధ్యత బండివారిదే అని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు సంగతి చదివినప్పుడు నాకు సమాధి కూటం గుర్తుకు వచ్చింది.

ఇక టైరు ఎందుకు పేలుతుందో చెబుతాను. మనం బరువును రబ్బరు మోస్తుందనుకుంటాం. రబ్బరు కాదు, లోపలి గాలి మోస్తుంది. గాలి తగ్గితే టైరు పక్కలు చక్రం తిరిగిన ప్రతిసారీ నలిగి, మళ్ళీ లేస్తాయి. ఇనుప తీగను చేత్తో పట్టి అటూ ఇటూ వంచి చూడండి. పది పదిహేనుసార్లకు వేడెక్కుతుంది, ఆ తరువాత విరుగుతుంది. టైరు లోపల కూడా దారపు పొరలు, ఉక్కు తీగలు ఉంటాయి. నలిగి నలిగి వేడెక్కి రబ్బరుకూ ఆ పొరలకూ మధ్య పట్టు వదులుతుంది. అప్పుడు ఒక్కసారిగా పగులుతుంది. కాబట్టి ఎక్కువసార్లు టైరు పేలేది గాలి ఎక్కువై కాదు, గాలి తక్కువై.

మన దగ్గర ఒక నమ్మకం ఉంది. "ఎండాకాలం గదా, గాలి తక్కువ పెట్టు, లేకపోతే పేలుతది" అంటారు. చదువుకున్నవారు కూడా అంటారు. ఇది తలకిందుల మాట. ఎండాకాలం గాలి తగ్గిస్తే టైరు మరింత నలిగి మరింత వేడెక్కుతుంది. మే నెలలో మన జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలకు పోయే రోజులుంటాయి. తారు రోడ్డు అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. ఆ రోజుల్లో గాలి సరిగ్గా, కంపెనీవారు చెప్పినంత ఉండాలి. ఎంత ఉండాలో చాలా బండ్లలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన చీటీ అంటించి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఎంత, నిండా ఎక్కితే ఎంత అని వేరువేరుగా రాసి ఉంటుంది. నిండా జనాన్ని ఎక్కించే రోజు నిండు బండికి చెప్పిన గాలి పెట్టించాలి.

గాలి ఎప్పుడు చూడాలి? మేము మీ బి.పి. ఎప్పుడు చూస్తాం? మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినప్పుడు చూడం. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తాం. టైరు కూడా అంతే. పొద్దున్నే, బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నలభై యాభై కిలోమీటర్లు నడిచిన తరువాత చూస్తే వేడికి గాలి పొంగి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి కొందరు దారిలో గాలి వదులుతారు. అలా చేయకూడదు. చల్లారిన తరువాత ఆ టైరులో ఉండవలసిన గాలి ఉండదు. కాలితో తన్ని చూసి "గట్టిగనే ఉన్నది" అనడం కూడా, నుదుటి మీద చెయ్యి పెట్టి బి.పి. చెప్పడం వంటిదే. మేకు గుచ్చుకోకపోయినా నెలనెలా కొంత గాలి దానంతటదే తగ్గుతుంది. నైట్రోజన్ గాలి పెట్టించామని కొందరు నిశ్చింతగా ఉంటారు. అదీ తగ్గుతుంది, దాన్నీ చూసుకోవాలి.

వెనక జంట టైర్లున్న బండి అయితే లోపలి టైరును ఎవరూ చూడరు. అందులో గాలి పోయినా బయటికి తెలియదు. బరువంతా పక్క టైరు మీద పడి అది పేలుతుంది. మంచి డ్రైవర్లు బయలుదేరే ముందు రాడ్డుతో రెండు టైర్లనూ కొట్టి చప్పుడు వింటారు. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటే తీసేస్తారు. అలాంటి డ్రైవరు దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అతన్నే మాట్లాడుకోండి.

బరువు సంగతి మీకు చెప్పనక్కర లేదు. గుణదల మేరీమాత ఉత్సవాలకు ఫిబ్రవరిలో పోయే బండ్లు చూడండి, ఎండాకాలంలో పెండ్లి బండ్లు చూడండి. ఇల్లంతా బండిలోనే ఉంటుంది. మూడు రోజులకు సరిపడా బియ్యం, పొయ్యి, గ్యాస్ సిలిండరు, పరుపులు. బండి పైన వేసిన బరువు ఇంకా ప్రమాదం. టైరు పేలినప్పుడు పైన బరువున్న బండి త్వరగా బోల్తా పడుతుంది. గ్యాస్ సిలిండరు మనుషులెక్కే బండిలో అసలు వద్దు. మా పేషెంట్లలో కొందరు ఇంటికి ఆక్సిజన్ సిలిండరు తీసుకొనిపోతారు. దాన్ని సీటు కాలికి గట్టిగా కట్టించండి. విడిగా ఉన్న సిలిండరు బండి ఒరిగినప్పుడు మనిషి మీదికే వస్తుంది.

మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ ఇల్లు లాంటి బండి కిరాయికి తీసుకొని పిల్లలతో పది రోజులు తిరిగామని ఫోటోలు పంపాడు. మోటార్ హోమ్ అంటారట. లోపలే మంచాలు, వంటగది, బాత్‌రూము. మన సినిమావాళ్ళ క్యారవాన్ వంటిది. ఇంకేం, అక్కడ టైర్ల భయం ఉండదు గదా అన్నాను. "లేదు పిన్నీ, వీటికే ఎక్కువ భయం" అన్నాడు. ఆ బండ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు కదలకుండా ఎండలో నిలబడి ఉంటాయట. టైరు అరగదు, గీతలన్నీ కొత్తగా కనిపిస్తాయి. కాని రబ్బరు ముసలిదై లోపల బీటలు వారుతుంది. ఎండాకాలం సెలవుల్లో సామానంతా ఎక్కించి బయలుదేరితే దారిలో పేలుతుందట. అతడు చెబుతుంటే నాకు ఆదివారం మాత్రమే కదిలే చర్చి వ్యాన్లు, సెలవులంతా చెట్టు కింద నిలబడే స్కూలు బస్సులు, ఏ బండిలోనైనా అయిదారేళ్ళు ముట్టుకోకుండా వేలాడే స్టెప్నీ, ఇవి గుర్తుకు వచ్చాయి. మనిషి ముఖం చూసి వయస్సు చెప్పలేనట్టే టైరు గీతలు చూసి దాని వయస్సు చెప్పలేం.

అయితే వయస్సు టైరు మీదనే రాసి ఉంటుంది. ఇది మీలో చదవడం వచ్చిన పిల్లలు కూడా చూడగలరు. టైరు పక్క మీద డి.ఓ.టి. అనే ఇంగ్లీషు అక్షరాలు, వాటి తరువాత కొన్ని అక్షరాలు, చివరన ఒక చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉన్నదనుకోండి, 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఒక పక్క కనిపించకపోతే రెండో పక్క ఉంటుంది. అయిదేళ్ళు దాటిన టైరును ఏటా తెలిసినవారికి చూపించాలని, పదేళ్ళు దాటినది ఎంత కొత్తగా కనిపించినా తీసివేయాలని టైరు కంపెనీలవారే చెబుతారు. మన ఎండలకు నేనైతే పదేళ్ళ దాకా ఆగను.

గీతల మధ్య అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి ఆ దిమ్మెల దాకా వస్తే దాని పని అయిపోయిందని గుర్తు. కార్లకు, వ్యాన్లకు గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చట్టం. పాత టైరుకు పైన కొత్త రబ్బరు వేసిన రీబటన్ టైర్లు ముందు చక్రాలకు ఉంటే ఆ బండి వద్దనండి. పక్కల మీద పగుళ్ళు, కోతలు, దారాలు బయటపడటం, ఉబ్బు, వీటిని చూడటానికి మెకానిక్కు కానక్కర లేదు. ఉబ్బు గురించి ప్రత్యేకంగా చెబుతాను. ఉబ్బు ఉన్నచోట లోపలి పొరలు తెగిపోయాయి, అక్కడ పైరబ్బరు ఒక్కటే గాలిని ఆపుతున్నది అని అర్థం. దానికి మరమ్మతు లేదు. నాలుగు నెలలు నడిచిందంటే అయిదో నెల నడుస్తుందని కాదు.

"సిస్టరమ్మా, మాకు కొత్త టైర్లు వేయించే స్తోమత ఉందా? బండి మాది కాదు గదా" అని మీరనవచ్చు. నిజమే. కాని బేరమాడేటప్పుడు వంద రూపాయలు తగ్గించమని అరగంట అడుగుతాం. ఆ అరగంటలో అయిదు నిమిషాలు బండి చుట్టూ తిరిగి రండి. టైరు బాగాలేకపోతే ఇంకో బండి అడగండి. ఇంకోటి దొరకకపోతే మనుషులను తగ్గించండి, చుట్టాలు బస్సులో వస్తారు. ఎండెక్కకముందు బయలుదేరండి. పేషెంటు ఉన్నాడు, మెల్లగా పో అని చెప్పండి. ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఆ మొహమాటం ఎంతకు తెస్తుందో నాకు తెలుసు.

ఇన్ని చూసుకున్నా మేకు గుచ్చుకోవచ్చు, గుంతలో పడి టైరు చీలవచ్చు. పేలినప్పుడు ఏం చేయాలి? మన ఆంబులెన్సు నడిపే అన్న ఈ సంగతి నాకు చెప్పాడు. ఇక్కడ బండి నడిపేవారు, కొడుకులు నడిపేవారు ఉన్నారు, కాస్త శ్రద్ధగా వినండి.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. "అయ్యో ప్రభువా" అనేలోపు నలభై మీటర్లు దాటుతుంది. అప్పుడు ఆలోచించడానికి సమయం ఉండదు. ముందే మనస్సులో ఉండాలి. మొదటిది, రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకోవాలి. ముందు టైరు పేలితే పేలిన పక్కకు బండి లాగుతుంది. కుడి ముందు టైరైతే డివైడరు వైపు, లేదా ఎదురుగా వచ్చే బండ్ల వైపు లాగుతుంది. వెనక టైరు పేలితే ఎవరో వెనకపట్టి ఊపినట్టు బండి తోక ఊగుతుంది. ఏదైనా సరే బండి తిన్నగా పోయేటట్టు పట్టుకోవాలి, ఒక్కసారిగా తిప్పకూడదు.

రెండవది అన్నిటికంటే ముఖ్యం. బ్రేకు తొక్కకూడదు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది, అదే ప్రమాదం. మా వ్యాను డ్రైవరు చేసింది అదే. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు తూలుతుంది, మంచి టైర్లు పట్టుకుంటాయి, పేలినది పట్టదు, బండి గిర్రున తిరుగుతుంది. ఆక్సిలేటరు మీది నుండి కూడా కాలు ఒక్కసారిగా తీయకూడదు, మెల్లగా వదలాలి. పెద్ద బండి, బరువున్న బండి అయితే ముందు తిన్నగా నిలబడనిచ్చి, తరువాత వదలాలి. పోయిన టైరు ఎట్లాగూ పోయింది, చక్రం రిమ్ము పాడవుతుందని చూడకూడదు. వేగం బాగా తగ్గి, బండి మనుషులు నడిచినంత మెల్లగా వచ్చిన తరువాత ఇండికేటరు వేసి ఎడమ పక్కకు దింపి, అప్పుడు మెత్తగా బ్రేకు వేయాలి.

బండిలో కూర్చున్న మనం చేయవలసింది ఒకటే, ఊరకుండటం. డ్రైవరు చెయ్యి పట్టుకోవద్దు, ఆపు ఆపు అని అరవవద్దు. ఆపు అని అరిస్తే అతని కాలు బ్రేకు మీదికే పోతుంది. తలుపు తెరిచి దూకవద్దు.

బెల్టు గురించి ఒక మాట. మన నార్కట్‌పల్లి అద్దంకి రోడ్డు మీద, అన్నెపర్తి దగ్గర, 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణగారు కారు ప్రమాదంలో మరణించారు. అది టైరు పేలిన సంగతి కాదు. కాని ఆయన బెల్టు పెట్టుకోలేదని, కారులో నుండి బయటికి ఎగిరి పడ్డారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చొని మరణించాడు. ఎంత గొప్ప కారైనా అంతే. వెనక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలి. ముందు సీటులో చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చోవద్దు. నేను గట్టిగా పట్టుకుంటానులే అంటారు. ఆ విసురుకు ఏ తల్లి చేతులూ ఆగవు. ఆపరేషను అయిన పేషెంటును పడుకోబెట్టి తీసుకొనిపోతే నడుముకు, తొడలకు దుప్పటితోనైనా సీటుకు కట్టండి. కుట్ల మీద మాత్రం కట్టవద్దు.

బండి ఆగిన తరువాత అందరూ ఎడమ పక్కకు దిగి, రోడ్డుకు దూరంగా, రెయిలింగు ఉంటే దాని అవతల నిలబడాలి. మనవాళ్ళు బండి నీడ ఉన్నదని దాని వెనకే చాప పరిచి కూర్చుంటారు. వెనక నుండి వచ్చే లారీ ముందు గుద్దేది వారినే. టైరు మార్చేటప్పుడు ఎవరూ బండిలో ఉండకూడదు, బండి కిందికి దూరకూడదు. వెనక వచ్చేవారికి తెలియడానికి రాళ్ళు, చెట్టు కొమ్మలు పెడతారు, మంచిదే. కాని టైరు మార్చి పోయేటప్పుడు ఆ రాళ్ళు అక్కడే వదిలిపోతారు. రాత్రి మోటారు సైకిలు మీద వచ్చే ఎవరి కొడుకో వాటి మీద పడతాడు. దయచేసి రాళ్ళు తీసి పొండి. ఇంకో సంగతి, లారీ, ట్రాక్టరు టైర్లకు పంక్చరు షాపులో గాలి కొట్టేటప్పుడు పిల్లలను దగ్గర నిలబెట్టవద్దు. లాక్ రింగు ఎగిరి తగిలితే ప్రాణమే పోతుంది.

దెబ్బలు తగిలితే 108కు ఫోను చేయండి. 2005 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఈ బండి తిరుగుతున్నది, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మాకు తెలుసు. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. బండి వచ్చేలోపు ఎవరిని ముందు చూడాలి? అరుస్తున్నవారిని కాదు. అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నదని అర్థం. చప్పుడు లేకుండా ఉన్నవారిని ముందు చూడాలి. నర్సింగు చదివిన నేనే ఆ రోజు అరుస్తున్న పిల్లవాని దగ్గర కూర్చున్నాను. బయట గాయం లేకుండా ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, దాహం దాహం అంటున్నారంటే కడుపులో రక్తం పోతూ ఉండవచ్చు. వారికి నీళ్ళు ఇవ్వకండి, పడుకోబెట్టి అందరికంటే ముందు వారిని పంపండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడకండి. గుడ్డ తడిసిపోతే దాని మీదనే ఇంకో గుడ్డ పెట్టండి. కాఫీ పొడి, పసుపు, సున్నం వద్దు. అవన్నీ కడగడానికి మాకు ఇక్కడ అరగంట పడుతుంది, పేషెంటుకు నరకం. బండికి మంట అంటుకునే ప్రమాదం ఉంటే తప్ప మెడకు, వెన్నుకు దెబ్బ తగిలినవారిని కాళ్ళూ చేతులూ పట్టి లేపకండి. తప్పనిసరైతే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్టు నలుగురు కలిసి లేపాలి. స్పృహ లేకపోతే అదే వరుస చెదరకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి, రక్తం గొంతులోకి పోకుండా.

దారిన పోయేవారు సాయం చేయడానికి భయపడతారు, పోలీసు కేసు అవుతుందని. మంచి సమరయుని కథలో ఆ ఇద్దరూ పక్కనుంచి ఎందుకు పోయారో గాని, మనకు ఇప్పుడు ఆ సాకు లేదు. సాయం చేసినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో కూడా చేర్చారు. పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. 2025 మే 5 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం ప్రకారం రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ఒక్కొక్కరికి లక్షా యాభై వేల రూపాయల వరకు, ఏడు రోజుల దాకా నగదు లేకుండా వైద్యం చేయాలి. ఆ పథకంలో ఉన్న ఆసుపత్రికి పోవాలి. 112కు ఫోను చేసి అడగండి.

మా అన్న కొడుకు ఇప్పుడు పెద్దవాడైనాడు, తానే కారు నడుపుతాడు. చెయ్యి కొంచెం వంకరగా అతుక్కున్నది. ఎక్కడికి బయలుదేరినా ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. ఎవరూ చెప్పలేదు, తనకు తానే అలవాటు చేసుకున్నాడు.

ఇప్పుడు సాయంత్రం నాలుగున్నర అయింది. రేపు పొద్దున డిశ్చార్జి అయ్యేవారి కోసం వచ్చిన బండ్లు మూడు మన ఆవరణలో వేపచెట్టు కింద ఉన్నాయి. నేను టార్చిలైటు తెచ్చాను. డ్రైవరు అన్నలను కోప్పడటానికి కాదు, వారిని కూడా పిలుద్దాం. ముందుగా ఆ నాలుగు అంకెలు ఎక్కడున్నాయో చూపిస్తాను. నడవగలిగినవారందరూ నా వెంట రండి, పేషెంటు దగ్గర ఒకరు ఉండండి.